బీర పందిరి కింద ద్రాక్ష

గుత్తులను దారంతోనే కట్టాలని చెప్పాడు అనిల్‌కుమార్. ఇనుప తీగతో కడితే ఫోటోలో మెరుస్తుందట. ఆకుపచ్చ దారం ఉండలు హైదరాబాద్ నుంచి తనే తెచ్చాడు. ద్రాక్ష నిజామాబాద్ మార్కెట్‌లో కొన్నది. అట్టపెట్టెల మీద మరాఠీలో ఏదో రాసి ఉంది. శనివారం సాయంత్రం మోస్రా దాటాక, కాలువ కట్ట దిగువన ఉన్న ముత్తవ్వ తోటలో నజియా నిచ్చెన ఎక్కి ఒక్కో గుత్తీ కట్టింది. పందిరి మీద ఉన్నది బీర పాదు. కాయ కనిపించిన చోట దాన్ని ఆకుల వెనక్కి నెట్టి, దాని ముందు ద్రాక్ష గుత్తి వేలాడదీయాలి.

ముత్తవ్వ పందిరిని మోసే రాతి కడీకి ఆనుకుని చూస్తూ నిలబడింది.

"ఏంది బిడ్డా, పందిరికి గిన్ని సోకులు? పెండ్లి జేస్తవా దీనికి?"

"ఫోటోలకవ్వ. సైకిలోళ్లు వస్తరు, కింద నిలబడి దిగుతరు, పోతరు."

"బీరకాయ దగ్గర నిలబడితె పటం పడదా?"

"హైదరాబాదోళ్లకు ద్రాక్ష కావాల్నట."

ముత్తవ్వ నవ్వింది. ఆ కడీలు పాతింది ద్రాక్ష కోసమే. భర్త ఉన్న రోజుల్లో ఎవరో చెప్పగా విని ద్రాక్ష పెట్టారు. రెండు కాపులు చూశారు. మూడో ఏడు తెగులు పట్టి తీగలు మాడిపోతే పీకేశారు. కడీలు మిగిలాయి. అప్పటినుంచి వాటి మీద బీర, కాకర.

"మా ఆయన బతికుంటె మురుస్తుండె," అంది ముత్తవ్వ. "పెట్టకుంటనే కాసినయి."

నజియాకు నవ్వు రాలేదు. చేతులు జిగటగా ఉన్నాయి. నిచ్చెన దిగి దుపట్టాకు తుడుచుకుంది.

ఆమె బోధన్ పిల్ల. తండ్రి ఇస్రార్‌కు అక్కడే పాత బస్తీలో సైకిల్ దుకాణం ఉంది. కాలేజీ రోజుల్లో నజియా రాష్ట్రస్థాయి పోటీల్లో సైకిల్ తొక్కింది. ఇప్పుడు తండ్రితో పాటు దుకాణంలో కూర్చుంటుంది. తెల్లవారుజామున మాత్రం చెరుకు తోటల మధ్య, గులక మట్టి పరిచిన మొరం బాటల మీద తొక్కుతుంది. ఆ బాటలు ఆమెకు బడికి పోయే రోజుల నుంచి తెలుసు. చలికాలంలో అనిల్‌కుమార్ దుకాణం వెతుక్కుంటూ వచ్చాడు. తారు రోడ్డు ఎక్కకుండా మట్టి మీద, మొరం మీద తొక్కే సైకిల్ యాత్రలు నడిపే కంపెనీ అతనిది. దాన్ని గ్రావెల్ రైడ్ అంటారని, విదేశాల్లో నదీ లోయల్లో, ద్రాక్ష తోటల్లో జరుగుతాయని ఫోన్‌లో చూపించాడు. దారి చూపించే మనిషి కావాలన్నాడు. నజియా ఒప్పుకుంది. తన ఊరి బాటలను పది మంది చూడటానికి వస్తారంటే కాదనాలనిపించలేదు.

ఆమె గీసిచ్చిన దారి బోధన్‌లో మొదలై, రుద్రూర్ మీదుగా నిజాంసాగర్ కాలువ కట్ట ఎక్కి, మోస్రా దాటి, మంజీర ఒడ్డున ముగుస్తుంది. అనిల్‌కుమార్ ఆ దారి వెంట ఒకసారి కారులో తిరిగాడు. తిరిగి వచ్చి దారికి కోతలు పెట్టాడు. చెరుకు ఆకు తగలబెట్టిన పొలాలు కనబడకూడదు. ఇసుక ట్రాక్టర్లు తిరిగే రేవు వద్దు. ఊరి మురుగు కాలువలో కలిసే తూము దగ్గర వంపు తిప్పి పోవాలి. పందులు కనబడే చోట అసలే వద్దు.

"ద్రాక్ష తోటలు లేవా?" అని అడిగాడు చివరికి.

"లేవు సార్. చెరుకు, వరి, పసుపు."

"ఒక్కటైనా?"

ముత్తవ్వ కడీల మాట నజియా నోటినుంచి అప్పుడే వచ్చింది. ఎప్పుడో ద్రాక్ష ఉండేదని చెప్పింది. అది చెప్పకుండా ఉండాల్సింది. వారం తిరక్కుండా 'మంజీర లోయలో ద్రాక్ష తోటల గుండా' అని పోస్టర్ వచ్చింది. ఇక్కడ మంజీర పక్కన లోయ లేదు. నేల చాపలా ఉంటుంది. పోస్టర్ కింద దారి చూపించేవారు అని నజియా పేరు ఉంది. తీసేయమని ఆమె అడగలేదు.

ఆదివారం తెల్లవారాక బోధన్‌లో అందరూ గుమిగూడారు. ఎనభై మంది దాకా ఉన్నారు. కొందరు బస్టాండ్ పక్కన ఒకావిడ బండి దగ్గర ఉప్మా తింటున్నారు. ఒక్కో సైకిల్ ఖరీదుకు ఇస్రార్ దుకాణం సరుకంతా వస్తుంది. అనిల్‌కుమార్ మైకులో మాట్లాడుతూ ఇది చెత్త లేని రైడ్ అన్నాడు. దారిలో కనిపించిన చెత్త ముందే ఏరేస్తామన్నాడు. ఆ తర్వాత, తోటలో ద్రాక్ష గుత్తులు మీరే కోసుకుని తినవచ్చు అన్నాడు. ఆ మాట నజియా అప్పుడే వింది.

"తింటరా సార్? ఫోటోలే అన్నరు గద."

"రాత్రి గ్రూప్‌లో పెట్టాను, చూళ్లేదా? మనం కొన్నవే, కడిగినవే. ఏమవుతుంది?"

నిజమే కదా అనుకుంది నజియా. తనే కట్టింది. ఏమవుతుంది.

ఆమె పని అందరికన్నా ముందు పోయి బాట మీది చెత్త తీయడం. హ్యాండిల్‌కు సంచీ తగిలించుకుని బయల్దేరింది. దారి పొడుగునా కల్లు ప్యాకెట్లు, క్వార్టర్ సీసాలు, గుట్కా కాగితాలు, కోడి ఈకలున్న కవరు ఒకటి దొరికాయి. చేతికి తొడుగులు ఉన్నాయి కాబట్టి తీసింది. వెనుక వస్తున్న వాళ్లు పాటలు పెట్టుకుని తొక్కుతున్నారు. రుద్రూర్ దగ్గర వాళ్లలో ఒకాయన, గడ్డిమోపు ఎత్తుకుని పోతున్న ఒక ఊరామెను ఆపి, వెనక్కి వెళ్లి మళ్లీ నడిచి రమ్మన్నాడు, మొదటిసారి ఫోటో సరిగా రాలేదని. ఆమె మోపుతో వెనక్కి వెళ్లి మళ్లీ నడిచి వచ్చింది. నజియా అది చూసి ముఖం తిప్పుకుంది.

ముత్తవ్వ తోట మొదట్లో ఒక కట్టె పాతి ఉంది. కట్టెకు ఒక ప్లాస్టిక్ సీసా బోర్లించి ఉంది. తోటలో ఎవరూ లేరు. గాలిలో పురుగుల మందు వాసన వచ్చింది. ఫాల్గుణంలో బోధన్ చుట్టుపక్కల ఎటు పోయినా ఆ వాసన వస్తుంది. నజియా కట్టె పీకి గట్టు మీద పడేసి, సీసా సంచీలో వేసుకుంది. పందిరి కింద నేలంతా చూసింది, ఇంకేమైనా చెత్త ఉందేమోనని. లేదు. ఆకులు తడిగా ఉన్నాయి. మంచు అనుకుంది.

అనిల్‌కుమార్ కారు వచ్చాక సంచీ డ్రైవర్‌కు ఇచ్చింది. మిగతా వాళ్లు ఏరిన సంచులు అప్పటికే డిక్కీలో ఉన్నాయి.

సైకిళ్లు గుంపులుగా వచ్చాయి. మనుషులు పందిరి కింద వరుస కట్టారు. గుత్తిని కొరుకుతున్నట్టు, ఒకరి నోట్లో ఒకరు పెడుతున్నట్టు ఫోటోలు దిగారు. చేతిలో ఉన్న బీరకాయను చూపించి ఇది ద్రాక్షలో ఏ రకం అని ఒకడు అడిగితే మిగతావాళ్లు నవ్వారు. గింజలు ఉమ్మిన చోటే, తొక్కేవాళ్లు బలానికి తినే జెల్ ఖాళీ ప్యాకెట్లు పడ్డాయి. గంట తిరగకముందే చాలామంది మంజీర వైపు వెళ్లిపోయారు. అనిల్‌కుమార్ కూడా కారెక్కాడు.

చివర వచ్చిన వాళ్లలో అంకిత అనే అమ్మాయి ఉంది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లు ఉంటాయి. మొదటిసారి ఇంత దూరం తొక్కానంది.

"అక్కా, ఆకలి చంపేస్తోంది. ఇంకో గుత్తి తీసుకోనా? నాకు అందట్లేదు."

నజియా నిచ్చెన ఎక్కి తనే కోసి ఇచ్చింది.

అంకిత గుత్తి పూర్తి చేసి నీళ్లు తాగుతుండగా ముత్తవ్వ వచ్చింది. చేతిలో సద్ది గిన్నె ఉంది. తోట మొదట్లో ఆగి నేల వైపు చూసింది.

"గీ పోశయ్య మందు కొట్టకుంటనే పోయిండా ఏంది? కట్టె లేదు, సీసా లేదు."

"ఏం సీసా అవ్వ?" అంది నజియా.

"మందు కొట్టినంక కట్టె పాతి సీసా బోర్లిస్తరు బిడ్డా. గది సూస్తె ఎవలు తోటల చెయ్యి పెట్టరు. మేకలోళ్లు గూడ అవుతలకెంచి తోలుకపోతరు. పొద్దుగాల్నే కొట్టుమని వానికి చెప్పిన, పురుగు పడ్డదని."

నజియా నిచ్చెన పట్టుకుని నిలబడింది. చేతి తొడుగులు తీసి కింద పడేసింది. వేళ్ల వాసన చూసుకుంది.

"నేనే తీసిన అవ్వ."

"ఎందుకు?"

"చెత్తనుకున్న."

ముత్తవ్వ పందిరి వైపు చూసింది. గింజలూ తొక్కలూ పడి ఉన్న నేల వైపు చూసింది. తర్వాత అంకిత వైపు.

"పటాలు దిగుతరంటివి. తింటరని చెప్పకపోతివి గద, నజియా."

పోశయ్య చుట్టుపక్కల తోటలకు మందు కొట్టే మనిషి. నజియా అతనికి ఫోన్ చేసింది. అతను ఎక్కడో పొలంలో ఉన్నాడు. వెనక పంపు మోత వినబడుతోంది.

"ద్రాక్షలు సూసిన్నే," అన్నాడు పోశయ్య. "ఎవలో ముచ్చటకు కట్టుకున్నరనుకున్న. బీరకు కొట్టుమన్నరు, కొట్టిన. సీసా బోర్లిచ్చి వచ్చిన. ఇంకేం జెయ్యాలె?"

"ఏం మందు కొట్టినవన్నా?"

"నాకేమెర్క? వర్ని దుకాణపాయన ఇచ్చిండు. పేరు సీసా మీదుంటది, సూసుకోరి."

పోశయ్య ఇచ్చిన నంబరుకు చేస్తే, వర్ని ఊళ్లో మందుల దుకాణం ఆయన ఫోన్ ఎత్తలేదు. ఆదివారం.

అనిల్‌కుమార్ ఎత్తాడు. నజియా జరిగింది చెప్పింది. వెనక మైకు పరీక్షిస్తున్న శబ్దం వచ్చింది.

"ఒక్కొక్కరు ఎన్ని తిన్నారు? నాలుగైదు గింజలు. దానికేం కాదు. నువ్వు ఎవరికీ చెప్పకు."

"చెప్పాలె సార్. దవాఖానకు తీస్కపోవాలె."

"ఇక్కడ గెస్టులున్నారు నజియా. ఎవరికైనా కడుపులో తిప్పితే ఎండదెబ్బ అందాం. ఓఆర్ఎస్ ప్యాకెట్లు తెప్పిస్తాను. మెడల్స్ ఇచ్చేశాక మాట్లాడుకుందాం."

"సార్, ఆ సీసా మీ కార్ల ఉన్నది. దాని మీద మందు పేరు..."

లైన్ పోయింది.

అంకిత నేల మీద కూర్చుంది. ముఖమంతా చెమట. నోటినుంచి నీళ్లు కారుతుంటే అరచేత్తో తుడుచుకుంటోంది, ఆగడం లేదు. ముత్తవ్వ ఆమె గడ్డం పట్టి ఎత్తి కళ్లలోకి చూసింది.

"మందు కొట్టెటోళ్లకు ఎక్కితె గిట్లనే అయితది," అంది. "కనుపాప సూడు, ఆవగింజంత అయింది. లేవు బిడ్డా, లే."

కట్ట మీద పాల ట్రాలీ ఆటో పోతుంటే ముత్తవ్వ అడ్డం నిలబడి ఆపింది. అంకితను క్యాన్ల మధ్య పడుకోబెట్టారు. ముత్తవ్వ ఎక్కి ఆమె తలను ఒడిలో పెట్టుకుంది.

"నేను బోధన్ దవాఖానకు తీస్కపోత. డాక్టరు మందు పేరు అడుగుతడు. నువ్వు గా సీసా ఏడున్నదో తీస్కరా. ఉత్తచేతులతోని రాకు."

నజియా సైకిల్ ఎక్కింది. మంజీర దాకా మొరం బాటే. అంత వేగంగా ఆమె పోటీల్లో కూడా తొక్కలేదు. దారిలో ఇద్దరు సైకిల్‌వాళ్లు చెట్టు కింద ఆగి వాంతి చేసుకుంటున్నారు. వాళ్లను చూస్తూ మూడోవాడు వీడియో తీస్తున్నాడు. అక్కడే ఉండండి, మీ హైదరాబాద్ బస్సు పంపిస్తా అని అరిచి ముందుకు పోయింది.

నది ఒడ్డున వేదిక కట్టారు. వేదిక వెనక ఫ్లెక్సీ మీద ద్రాక్ష తోట ఫోటో ఉంది. మంజీరది కాదు, ఏ దేశానిదో. వేదిక ముందు చెత్త సంచులను గుట్టగా పేర్చారు. గుట్ట మీద 'ఈరోజు మేము ఏరిన చెత్త' అని అట్ట గుచ్చారు. అతిథి ఒకాయన ఆ గుట్ట పక్కన నిలబడి ఫోటో దిగుతున్నాడు. సంచులన్నీ ఒకే రంగు. ఏది తనదో తెలియదు.

నజియా సైకిల్ పడేసి పైన ఉన్న సంచీ లాగి నేల మీద బోర్లించింది. అతిథి వెనక్కి గెంతాడు. రెండోది బోర్లించింది. పిల్లల డైపర్లు, సగం తిన్న బిర్యానీ పొట్లాలు, చచ్చిన ఎలుక. తొడుగులు లేవు. చేతులతోనే కెలికింది. మూడో సంచీలో కల్లు ప్యాకెట్లు పగిలి అన్నీ తడిసి ఉన్నాయి. కంపుకు ముందు వరుసలో వాళ్లు ముక్కులు మూసుకుని జరిగారు. మళ్లీ కెలికింది.

మైకులో అనిల్‌కుమార్ గొంతు వినబడింది.

"చూడండి, మన వాలంటీర్ల నిబద్ధత. ప్లాస్టిక్ వేరు, తడి చెత్త వేరు చేస్తున్నారు. ఇదే మన రైడ్ స్పిరిట్. ఒక్కసారి నజియా గారికి చప్పట్లు."

చప్పట్లు కొట్టారు. మెడల్స్ వేసుకున్నవాళ్లు కూడా కొట్టారు. కొందరు ఫోన్లు ఎత్తారు. నజియా మోకాళ్ల మీద ఉంది, మోచేతుల దాకా చెత్త. తల ఎత్తి వాళ్లను చూసింది. ఇంతకుముందు ఎప్పుడూ మనుషుల ముఖాలు చూసి అంత రోత పుట్టలేదు ఆమెకు. అందులో తన ముఖం కూడా ఉంది, వేదిక పక్క ఫ్లెక్సీ మీద, నవ్వుతూ.

సీసా నాలుగో సంచీలో దొరికింది. కోడి ఈకలు అంటుకుని ఉన్నాయి. గోరుతో గీకి కుర్తాకు తుడిచింది. లేబుల్ మీద పసుపు ముక్కోణం, 'విషం' అన్న అక్షరాలు, వాటి కింద మందు పేరు. ఫోటో తీసి, ముత్తవ్వ ఫోన్‌కు చేసి నర్సుకు ఇమ్మంది. పేరు చదివి చెప్పింది. ఫోటో పంపడానికి నర్సు తన నంబర్ ఇచ్చింది.

"ఇది తిన్నోళ్లు ఇంక ఉన్నరా?" అంది నర్సు.

"ఉన్నరు."

"అందర్ని తీస్కరా."

నజియా వేదిక ఎక్కింది. అనిల్‌కుమార్ ఆమె చేతులను చూసి మైకు దూరం జరిపాడు. ఆమె ఆ చేతులతోనే మైకు పట్టుకుంది. అతను వదిలేశాడు, వాసనకు.

"ద్రాక్ష తిన్నోళ్లందరు బస్సెక్కాలె," అంది. "గది ద్రాక్ష తోట గాదు, బీర పందిరి. గుత్తులు మార్కెట్ల కొన్నయి. నేనే కట్టిన. పొద్దుగాల పందిరి మీద పురుగుల మందు కొట్టిండ్రు. కొట్టినట్టు గుర్తు పెట్టిండ్రు. గా గుర్తు తీసేసింది గూడ నేనే. ఒకమ్మాయి దవాఖానల ఉన్నది. మీరు గూడ రావాలె. ఇప్పుడే రావాలె."

ఎవరూ కదల్లేదు. తర్వాత వెనకనుంచి ఒకాయన అడిగాడు.

"పోస్టర్‌లో ఆర్గానిక్ అని రాశారు కదా?"

ఇంకొకతను వేదిక దగ్గరకు వచ్చి మెల్లగా అన్నాడు. "మేడం, మా గ్రూప్‌కి ఇంకా మెడల్స్ ఇవ్వలేదు. అవి తీసుకుని ఎక్కొచ్చా?"

నజియా టేబుల్ మీది మెడల్స్ డబ్బా ఎత్తి అతని చేతిలో పెట్టింది. "ఎక్కు," అంది.

హైదరాబాద్ నుంచి వచ్చిన బస్సు నిండింది. చెట్టు కింద ఉన్న ఇద్దరినీ దారిలో ఎక్కించుకున్నారు. బోధన్ చేరేలోపు మరో ఐదుగురికి వాంతులయ్యాయి. కవర్లు చాల్లేదు. నజియా ఒకరి తర్వాత ఒకరి తలలు పట్టుకుంది. ఆమె చేతుల కంపు గురించి అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు.

దవాఖానలో అంకితకు ఇంజక్షన్ల మీద ఇంజక్షన్లు ఇచ్చారు. మందు పేరు తెలిశాక డాక్టర్ వేరే ఇంజక్షన్ మొదలుపెట్టాడు. మధ్యాహ్నం దాటాక అంకిత కళ్లు తెరిచింది. ముత్తవ్వ ఆమె నోటి పక్కన తడి కొంగుతో తుడుస్తోంది.

"బతికినట్టే," అన్నాడు డాక్టర్. "ఈ రాత్రి మాత్రం ఇక్కడే ఉండాలి. మిగతావాళ్లకు ప్రమాదం లేదు."

నజియా వరండాలో నల్లా దగ్గర చేతులు కడుక్కుంది. సబ్బు అరిగిపోయేదాకా కడిగినా గోళ్ల కింద వాసన పోలేదు. విషం కేసు కాబట్టి స్టేషన్ నుంచి కానిస్టేబుల్ వచ్చాడు. ముజమ్మిల్ అని, ఇస్రార్ దుకాణం వీధివాడే. బల్ల మీద కూర్చుని కాగితం తీశాడు.

"మొదటి నుంచి చెప్పు చెల్లె."

చెప్పడం మొదలుపెట్టిందో లేదో ఫోన్ మోగింది. అనిల్‌కుమార్. ఎత్తింది.

"నజియా, అందరూ బాగున్నారట కదా, థాంక్ గాడ్. నేను హైదరాబాద్ దారిలో ఉన్నాను. విను, నువ్వు ఎమోషనల్‌గా ఏదేదో చెప్పేశావు, సరే. ఇప్పుడు ఒక చిన్న వీడియో పెట్టాలి. పొద్దున మనవాళ్లు బోధన్‌లో బస్టాండ్ పక్కన ఆవిడ దగ్గర ఉప్మా తిన్నారు కదా? అది పాడైందని చెప్తే సరిపోతుంది. లోకల్ మనిషివి, నువ్వు చెప్తే నమ్ముతారు."

నజియా ముజమ్మిల్ వైపు చూసింది. అతను పెన్ను ఆపి ఎదురు చూస్తున్నాడు.

"ఉప్మా అంటరా సార్?"

"అంతే. ఆవిడకి లైసెన్స్ కూడా ఉండి ఉండదు. పెద్ద గొడవేం కాదు ఆవిడకి. నీకూ మంచిదే కదా, ఆ సీసా సంగతి ఇంక ఎవరూ అడగరు."

నజియా స్పీకర్ ఆన్ చేసి ఫోన్‌ను బల్ల మీద, కాగితం పక్కన పెట్టింది.

"మల్లొకసారి చెప్పండి సార్," అంది. "సరిగ వినబడలే."

అనిల్‌కుమార్ మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. బస్టాండ్ పక్కన ఏ బండో, ఆవిడ ఏ రంగు చీర కట్టుకుందో కూడా చెప్పాడు. ముజమ్మిల్ తలవంచుకుని రాసుకుంటున్నాడు.